కాశీలో తొమ్మిది రాత్రులు, పెద్దవాళ్లతో: ఎక్కడ తినాలి, ఏం కొనుక్కోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. డిసెంబర్ రెండో వారంలో డెబ్బై దాటిన అమ్మానాన్నలతో కాశీ వెళ్లి తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలనుకుంటున్నారు. నాన్నగారికి షుగర్, అమ్మగారు ఉల్లి, వెల్లుల్లి తినరు. సోనార్‌పురా వైపు చిన్న వంటగది ఉన్న గది ఒకటి, స్టేషన్ దగ్గర హోటల్ గది ఒకటి చూసి పెట్టుకున్నారు. ఎక్కడ తినాలి, పాలు, కూరలు, సరుకులు ఎక్కడ కొనాలి, ఇంటి నుంచి ఏం పట్టుకెళ్లాలి అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. సోనార్‌పురా గదే తీసుకోండి. పొద్దున టిఫిను, రాత్రి తేలికపాటి భోజనం గదిలో చేసుకోండి. మధ్యాహ్నం అన్నం ఆశ్రమంలోనో సత్రంలోనో తినండి. ఊళ్లో పేరున్న తినుబండారాలు రోజుకొకటి చొప్పున రుచి చూడండి, వాటితో పూట గడపాలని చూడకండి. ఈ నాలుగు ముక్కలు గుర్తుంటే చాలు, మిగతాదంతా వివరం.

కార్తీకంలోనో మాఘంలోనో కాశీలో కొన్నాళ్లు గడపడం మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. మా అత్తగారు ఉన్నన్నాళ్లూ ఆవిడతో వెళ్లాను, ఇప్పుడు బంధువుల్లో పెద్దవాళ్లని వెంటబెట్టుకుని వెళ్తున్నాను. వంట, సరుకులు, ఎవరికి ఏం పడదో చూసుకోవడం నా పని. దర్శనాల గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు గానీ, నా అనుభవంలో పెద్దవాళ్ల యాత్ర చెడితే ముందు చెడేది తిండి దగ్గరే. రెండో రోజు పొట్ట పాడైందంటే మిగతా ఏడు రోజులూ గదిలోనే.

ముందు గది, ఆ తర్వాతే తిండి

ఏ కొత్త ఊరు వెళ్లినా నేను ముందుగా హోటళ్ల పేర్లు వెతకను. గది ఎక్కడో చూసి, మాతో వచ్చే పెద్దవాళ్లు ఆగకుండా ఎంతసేపు నడవగలరో అడిగి, అంత దూరం మ్యాపులో చుట్టూ చూసుకుంటాను. మీ వాళ్లకి పది నిమిషాలు అనుకోండి. ఆ పది నిమిషాల్లో పాలు, కూరగాయలు, కిరాణా, మందుల షాపు, ఒక పూట వేడి అన్నం దొరికే చోటు, ఈ ఐదూ ఉంటే అది మంచి గది. లేకపోతే ఎంత అందమైన గదైనా మనకి పనికిరాదు. కాశీలో ఇది ఇంకా ముఖ్యం. గోదౌలియా కూడలి నుంచి దశాశ్వమేధం వైపు రోజులో చాలాసేపు బళ్లు పోనివ్వరు, ఘాట్ల వెనక సందుల్లోకి ఆటో అసలు రాదు. మ్యాపులో 600 మీటర్లు అని చూపించే దూరం ఎద్దుల్ని, బైకుల్ని, తడి రాళ్లని, మెట్లని దాటుకుంటూ పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని నడిస్తే ఇరవై నిమిషాలు పడుతుంది.

స్టేషన్ దగ్గర హోటల్ శుభ్రంగానే ఉండొచ్చు, కాదనను. మా పిన్ని కొడుకు కుటుంబం అలాగే దిగారు. పొద్దున గంగస్నానానికి ఒకసారి, మధ్యాహ్నం భోజనానికి వెనక్కి ఒకసారి, సాయంత్రం హారతికి ఇంకోసారి. మూడో రోజుకి పిన్ని 'నేను రాను, మీరు వెళ్లి రండి' అని మంచం ఎక్కేసింది. ఆ దూరానికి భోజనం కూడా గతి తప్పింది, ఎక్కడ ఆకలేస్తే అక్కడ ఏదో ఒకటి తినేశారు.

సోనార్‌పురా సంగతి వేరు. మానసరోవర్ ఘాట్ నుంచి కేదార్, విజయనగరం, హరిశ్చంద్ర ఘాట్ల మీదుగా హనుమాన్ ఘాట్ దాకా ఉన్న పట్టీ అంతా తరతరాలుగా దక్షిణాది వాళ్లు దిగే ప్రాంతం. విజయనగరం ఘాట్ మన విజయనగరం రాజుల పేరు మీదదే. శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం మానసరోవర్ దగ్గర, పాండే హవేలీ వైపు ఉంది. అక్కడి దుకాణాల్లో చాలామందికి తెలుగు అర్థమవుతుంది, కొందరు బాగా మాట్లాడతారు కూడా. ఘాట్ దగ్గరే కాబట్టి స్నానం చేసి తడిబట్టలతో గదికి వచ్చేయొచ్చు. సోనార్‌పురా మెయిన్ రోడ్డు మీద ఈ-రిక్షాలు దొరుకుతాయి, అస్సీ వైపైనా గోదౌలియా వైపైనా వెళ్లొచ్చు. గది ఖాయం చేసే ముందు యజమానిని మూడు అడగండి: ఏ అంతస్తు, మెట్లు ఎన్ని, వంటకి గ్యాస్ ఇస్తారా. కరెంటు పొయ్యి పెట్టుకోమంటే వైరింగ్ తట్టుకుంటుందో లేదో కూడా అడగాలి. ఆ సందుల్లో ఇళ్లు పాతవి, పొయ్యి, గీజరు ఒకేసారి వేస్తే ఫ్యూజు పోయే గదులు చూశాను. ఇంటి నుంచి గ్యాస్ స్టవ్, చిన్న సిలిండరు రైల్లో పట్టుకెళ్దామని అనుకోకండి, రైల్లో నిషేధం.

మధ్యాహ్నం అన్నం

తెలుగువాళ్ల ఆశ్రమాలు, సత్రాలు కాశీలో చాలానే ఉన్నాయి. పప్పు, కూర, పచ్చడి, సాంబారో చారో, మజ్జిగ, ఉల్లి వెల్లుల్లి లేకుండా. అమ్మగారికి ఇంతకంటే నిశ్చింతైన భోజనం ఊళ్లో ఎక్కడా దొరకదు. అయితే మూడు సంగతులు ముందే తెలుసుకోవాలి. ఒకటి, చాలాచోట్ల పొద్దున్నే ఆఫీసులో ఎంతమందో చెప్పి పేర్లు రాయించుకోవాలి, వేళకి వెళ్లి కూర్చుంటే వడ్డించరు. రెండు, కొన్ని సత్రాలు ఫలానా కులం వాళ్లకే అని నియమం పెట్టుకున్నవి, వెళ్లి గుమ్మంలో చిన్నబుచ్చుకోవడం కంటే ఫోన్ చేసి అడగడం మేలు. మూడు, వేళలు. బంతి మొదలయ్యేది పదకొండు, పదకొండున్నరకైతే మీరు పది నిమిషాల ముందే అక్కడ ఉండాలి, రెండో బంతి దాకా ఆగాల్సి వస్తే షుగర్ ఉన్నవాళ్లకి కష్టం. నాన్నగారు మాత్రో ఇన్సులినో ఎన్ని గంటలకి తీసుకుంటారో దాన్ని బట్టి ఆశ్రమం వేళ చూసుకోండి. మాతో వచ్చిన ఒక పెద్దాయన ఇన్సులిన్ వేసుకునే బయల్దేరేవారు, దారిలో రద్దీ వల్ల ఆలస్యమై ఒకరోజు కళ్లు తిరిగాయి. అప్పటినుంచి బంతిలో కూర్చున్నాకే వేసుకోవడం, సంచిలో రెండు బిస్కెట్లు, బెల్లంముక్క ఉంచడం నియమం పెట్టాను. మీ డాక్టరుగారిని కూడా ఈ వేళల గురించి ఒకమాట అడిగి వెళ్లండి.

విశ్వనాథుడి దర్శనానికి వెళ్లిన రోజు వెనక్కి రావడం ఆలస్యమవుతుంది. ఆ రోజుకి అన్నపూర్ణమ్మ గుడివాళ్ల అన్నక్షేత్రం ఉంది, గుడికి దగ్గరే, భోజనం ఉచితం, విరాళం మీ ఇష్టం. కాశీ వెళ్లి అన్నపూర్ణ ప్రసాదం తినకుండా రావడం పెద్దవాళ్లకి మనసొప్పదు కూడా. కాబట్టి ఆ పూటని ప్లాన్‌లో ముందే వేసుకోండి.

ఉచితంగా పెట్టేచోట తిన్నాం కదా అని ఊరికే వచ్చేయకండి. తొమ్మిది రోజులు తింటే ఒక రోజు అన్నదానానికి కట్టడం మాకు అలవాటు. పెద్దవాళ్ల పేరు మీద రాయిస్తే వాళ్లకీ సంతోషం.

గదిలో ఏం వండాలి

డిసెంబర్ చలి గురించి ముందే చెప్పాలి. ఇడ్లీ, దోశల పిండి పులవదు, ఆ ఆశ వదిలేయండి. పాలు కూడా తోడుకోవు. రాత్రి గోరువెచ్చటి పాలలో మామూలు కంటే ఎక్కువ తోడు వేసి, అన్నం వండిన కుక్కరు వేడిగా ఉండగానే అందులో గిన్నె పెట్టి మూతేసి, పైన శాలువా కప్పండి. పొద్దుటికి తోడుకుంటుంది. అంత ఓపిక లేకపోతే మట్టి పిడతల్లో అమ్మే పెరుగు దొరుకుతుంది గానీ, కొనే ముందు తీపిదా, మామూలుదా అని అడగండి, 'సాదా దహీ' అంటే తియ్యనిది కాకుండా ఇస్తారు.

పొద్దున్న టిఫినుకి నా ఓటు గోధుమరవ్వ ఉప్మాకి. అక్కడ దలియా అంటారు, ప్రతి కిరాణాలోనూ ఉంటుంది, నాన్నగారికీ మంచిది. అటుకులు (అక్కడ చూడా), బొంబాయి రవ్వ (సూజీ) కూడా ఎక్కడైనా దొరుకుతాయి. రాత్రికి రెండు పుల్కాలు, ఒక పప్పు. పుల్కాలు చేసే ఓపిక లేని రోజు సందు చివర ఏ చిన్న భోజనశాలలోనైనా తవా రోటీ కట్టించుకుని రండి. తందూరీ రోటీ పెద్దవాళ్ల పళ్లకి పట్టదు, చల్లారితే చెప్పు అట్టలా అయిపోతుంది. కూర మాత్రం గదిలో చేసుకోండి. బయట కూరల్లో ఆవనూనె వాడేచోట్లు చాలా ఉన్నాయి, ఆ వాసన మన పెద్దవాళ్లకి సరిపడదు. బయట కొనాల్సి వస్తే 'బినా ప్యాజ్, బినా లహసున్' అని ముందే చెప్పండి. గుళ్లున్న ఊరు కాబట్టి ఎవరూ విసుక్కోరు.

మీరు వెళ్లే రోజుల్లోనే ధనుర్మాసం మొదలవుతుంది. అమ్మగారికి పొద్దున్నే పులగమో పొంగలో చేసి నైవేద్యం పెట్టే అలవాటు ఉంటే పెసరపప్పు (మూంగ్ దాల్), మిరియాలు అక్కడే దొరుకుతాయి, బరువు మోసుకెళ్లక్కర్లేదు.

ఇంటి నుంచి ఏం పట్టుకెళ్లాలి

అక్కడ దొరకనివి మాత్రమే. మూడు కిలోల సన్నబియ్యం, అవి ముగ్గురికి రోజుకి ఒక పూట చొప్పున సరిపోతాయి. సోనామసూరి అక్కడ మామూలు కొట్లలో దొరకడం కష్టం. చింతపండు, ఎండు కరివేపాకు, సాంబారు పొడి, కందిపొడి, ఇంగువ, రెండు రకాల ఊరగాయలు, కాఫీ తాగేవాళ్లుంటే కాఫీపొడి. ఒక మూడు లీటర్ల కుక్కరు, చిన్న బాణలి, కత్తి, గరిట, రెండు స్టీలు డబ్బాలు, ఒక ఫ్లాస్కు. విమానంలో వెళ్తే ఊరగాయ, కత్తి చేతిసంచిలో పెట్టకండి, పెద్ద సామానులో వేయండి. ఎండుకొబ్బరి విమానంలో ఒప్పుకోరు.

కందిపప్పు, నూనె, ఉప్పు, పంచదార, గోధుమపిండి మోయకండి. కందిపప్పుని అర్హర్ దాల్ అంటారు, ఉత్తరప్రదేశ్‌లో ఇంటింటా వండేది అదే. మన పప్పు కంటే కాస్త త్వరగా ఉడుకుతుందని నాకు అనిపిస్తుంది.

సరుకులు, కూరలు కొనడం

దిగిన రోజు సాయంత్రం ఎక్కడికీ వెళ్లొద్దు. పెద్దవాళ్లని పడుకోబెట్టి మీరొక్కరే గది చుట్టూ అరగంట తిరగండి. పాలు ఎక్కడ, ఎన్నింటికి వస్తాయి, కూరగాయల బండి ఏ మూల ఆగుతుంది, మంచినీళ్ల క్యాను ఎవరు పైకి తెచ్చిస్తారు, మందుల షాపు ఎప్పుడు మూస్తారు. ఇవి గది యజమాని ఇంటి ఆడవాళ్లని అడిగితే ఒక్క నిమిషంలో చెప్తారు. ఏ యాప్ అంత కచ్చితంగా చెప్పలేదు. బెంగాలీ టోలా అనే పొడవాటి సందు దశాశ్వమేధం వైపు నుంచి కేదార్ ఘాట్ వైపు ఘాట్లకి సమాంతరంగా వస్తుంది. కిరాణా, పాలు, మిఠాయిలు, పూజాసామగ్రి అన్నీ అందులో ఉంటాయి. రోజువారీ అవసరాలు చాలావరకు అక్కడే తీరిపోతాయి.

కూరల విషయంలో డిసెంబర్ మీకు కలిసొచ్చే నెల. పచ్చిబఠాణీ, కాలీఫ్లవరు, కొత్త బంగాళాదుంప, ముల్లంగి, మెంతికూర, పాలకూర, బథువా అనే ఆకుకూర, అన్నీ కళకళలాడుతుంటాయి. బథువాని మన తోటకూర పప్పులాగే వండుకోవచ్చు. బండివాళ్ల దగ్గర వాడే పేర్లు కొన్ని తెలిస్తే బేరం సులువు. సొరకాయ లౌకీ, నేతిబీర నేనువా, దొండకాయ కుందరూ, గుమ్మడి కోహడా, కంద సూరన్, అరటికాయ కచ్చా కేలా, ములక్కాడ సహజన్, వంకాయ భంటా.

వంకాయ అన్నాను కాబట్టి ఒకమాట. రామ్‌నగర్ భంటా అని గంగకి అవతలి ఒడ్డున పండే వంకాయ ఉంది, గుండ్రంగా, చిన్నపిల్లాడి తలంత, లేత ఆకుపచ్చ రంగులో తెల్లటి ఛాయతో. చలికాలంలోనే వస్తుంది. 2023లో దానికి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు ప్రత్యేకత అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది, బనారస్ పాన్, లంగడా మామిడి, ఆదమ్‌చీనీ బియ్యంతో పాటు. ఒక్క కాయ ముగ్గురికి సరిపోతుంది. గింజ తక్కువ, కండ ఎక్కువ. మంట మీద కాల్చి తొక్క తీస్తే లోపల వెన్నలా ఉంటుంది. చింతపండు, పచ్చిమిర్చి, ఇంగువ పోపుతో పచ్చడి చేసి వేడన్నంలో పెడితే మా అత్తగారు ఆ పూట ఇంకేం అడిగేవారు కాదు. గదిలో గ్యాస్ ఉంటే ఇది తప్పకుండా చేయండి. కొనేటప్పుడు చేతిలోకి తీసుకుని చూడండి, సైజుకి తగినంత బరువు లేకుండా తేలిగ్గా ఉన్నదే బాగుంటుంది, బరువున్నదాంట్లో గింజలు ముదిరి ఉంటాయి.

ధర అడిగినప్పుడు కిలోకా, పావుకా అని కనుక్కోండి. అక్కడ కూరలకీ, పనీరుకీ, మిఠాయిలకీ కూడా పావు కిలో ధర చెప్పే అలవాటు ఉంది. 'బీస్ రుపయే' అంటే కిలో ఇరవై అనుకుని సంచి నింపించుకుని, తీరా లెక్క కట్టేటప్పుడు గొడవ పడేవాళ్లని చాలామందిని చూశాను. అమ్మేవాడి మోసం కాదది, వాళ్ల పద్ధతే అంత.

పెద్ద ఎత్తున కొనాలంటే విశ్వేశ్వరగంజ్. ధాన్యం, పప్పులు, మసాలాల టోకు బజారు. ప్రత్యేకంగా వెళ్లక్కర్లేదు, కాలభైరవుడి గుడి ఆ పక్కనే, ఎటూ కాశీదారాల కోసం అక్కడికి వెళ్తారు కదా. తిరిగొచ్చాక సమారాధన చేసుకుని బంధువులకి పంచే ఉద్దేశం ఉంటే జీడిపప్పు, కిస్‌మిస్ లాంటివి అక్కడ చూడండి. ఆదమ్‌చీనీ బియ్యం ఒక కిలో తెచ్చుకోండి, చిన్న గింజ, మంచి వాసన, సమారాధన రోజు పరమాన్నానికి బాగుంటుంది.

అరటిపళ్లు, జామకాయలు కొంటే కనబడేలా చేతిలో పట్టుకుని నడవకండి. కోతులు. ఘాట్ల మీద, మేడల మీద, సందుల్లో అన్నిచోట్లా ఉంటాయి. వాటికి ప్లాస్టిక్ సంచి చప్పుడు వినిపిస్తే చాలు. గుడ్డసంచి మూతి కట్టి పట్టుకోండి, డాబా మీద వడియాలు, బట్టలు ఆరేయకండి.

రుచి చూడాల్సినవి, ఎప్పుడు, ఎటువైపు

ఇక్కడ నా పద్ధతి ఏమిటంటే తినడం కోసం విడిగా ప్రయాణం పెట్టుకోను. ఏ రోజు ఏ గుడికి వెళ్తున్నామో ఆ దారిలో ఉన్నదే తింటాం.

కాలభైరవుడు, బిందుమాధవుడు అనుకున్న రోజు పొద్దున్నే ఠఠేరీ బజార్, చౌఖంబా సందుల మీదుగా వెళ్లండి. రామ్ భండార్ కచోరీలు అక్కడివే, ఆకు దొన్నెలో వేడి కచోరీ, పైన బంగాళాదుంప కూర, పక్కన జిలేబీ. కాశీలో కచోరీ పొద్దుటి తిండి, పది దాటాక వెళ్తే వేడిగా దొరకదు. ముగ్గురికి రెండు ప్లేట్లు చాలు, నూనె వంటకం కదా.

అదే దారిలో మలైయో. ఇది చలికాలంలో మాత్రమే ఉంటుంది, మీరు సరైన రోజుల్లో వెళ్తున్నారు. మరిగించిన పాలని రాత్రంతా ఆరుబయట మంచులో పెట్టి, తెల్లవారుజామున చిలికి, పైకి లేచిన నురగని తీస్తారు. పెద్ద గిన్నెలో లేత పసుపు రంగు నురగ, పైన పిస్తా పలుకులు. అమ్మేవాడు దాన్ని మట్టిపిడతలోకి కుప్పగా తీసి ఇస్తాడు. నోట్లో పెట్టగానే ఏమీ లేనట్టు కరిగిపోయి కుంకుమపువ్వు, ఏలకుల వాసన మిగులుతుంది. తిన్నాక పిడత పారేయకండి, అందులోనే కాసిని కుంకుమపువ్వు పాలు పోస్తారు. ఎండ ఎక్కితే నురగ దిగిపోతుంది కాబట్టి తొమ్మిదిలోపు వెళ్లండి. నాన్నగారికి రెండు చెంచాలు మీ పిడతలోంచే పెట్టండి, పూర్తిగా వద్దంటే ఆయన మనసు కష్టపడుతుంది.

దుర్గాకుండ్, సంకటమోచన్ వెళ్లిన రోజు అటునుంచి బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలోకి వెళ్లండి. 1916లో పెట్టిన విద్యాలయం, లోపల విశ్వనాథ మందిరం ఉంది, దాని దగ్గరి దుకాణాల్లో దోశ దొరుకుతుంది, కూర్చోవడానికి చెట్ల నీడ ఉంటుంది. పెద్దవాళ్లకి ఆ ఊళ్లో హాయిగా ఊపిరి పీల్చుకునే చోటు అదే అని నేను అనుకుంటాను. దోశ మీద మనసు పోతే భేలూపుర్‌లో కేరళ కెఫే కూడా ఉంది, మీ గదికి అది ఇంకా దగ్గర.

గోదౌలియా వైపు సాయంత్రం వెళ్తే టమాటర్ చాట్, చూడా మటర్. కాశీ చాట్ భండార్ పేరు వినే ఉంటారు. చూడా మటర్ అంటే అటుకులు, పచ్చిబఠాణీ, నెయ్యి, అల్లం, చలికాలపు వంట. నాన్నగారికి చాట్ కంటే ఇదే నయం, తీపి చట్నీలు ఉండవు. చాట్లలో ఉల్లి వేయొద్దని ముందే చెప్పాలి.

ఠండాయి అనే పాలు, బాదం, మసాలాల చల్లటి పానీయం తాగేటప్పుడు జాగ్రత్త. గోదౌలియా దగ్గర ఠండాయి దుకాణాల్లో భంగు (మత్తెక్కించే గంజాయి ఆకు) కలిపింది, కలపనిది రెండూ అమ్ముతారు. కాశీలో భంగు చట్టబద్ధమే, శివప్రసాదమని కొందరు తెలియక పెద్దవాళ్లకి కూడా పట్టిస్తారు. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లకి అది అస్సలు కుదరదు. 'బినా భాంగ్' అని నోరు తెరిచి చెప్పి, అదే గ్లాసు మీరు ముందు తాగి చూసి ఇవ్వండి. అనుమానం ఉంటే లస్సీతో సరిపెట్టుకోండి.

నెట్‌లో జాబితాల సంగతి

'కాశీలో తినాల్సిన పది చోట్లు' లాంటివి చదివి దాన్నే నమ్ముకోకండి. కాశీలోనే విశ్వవిద్యాలయం దగ్గర లంక అనే పేటలో, రవిదాస్ గేటు దగ్గర దశాబ్దాలుగా పేరున్న కచోరీ, లస్సీ దుకాణాలని 2025లో రోడ్డు వెడల్పు చేయడానికి కూల్చేశారు. జాబితాల్లో ఇంకా అదే చిరునామాతో ఉన్నాయి. మ్యాపులో రివ్యూలు కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని గత రెండు నెలలవి చదవండి, జనం పెట్టిన మెనూ ఫొటోల్లో ధరలు చూడండి. తెలుగు ఆశ్రమాల గురించి తిట్లు కనబడితే తారీఖు చూడండి. 2023 ఏప్రిల్ 22 నుంచి మే 3 వరకు గంగా పుష్కరాలు, అప్పుడు లక్షల్లో వెళ్లాం మనవాళ్లం. ఆ రోజుల్లో రాసిన వాటిని బట్టి మామూలు రోజుల్ని అంచనా వేయకూడదు. తెలుగులో పెద్ద బోర్డు ఉన్నంత మాత్రాన తెలుగు వంట అనుకోవడం కూడా పొరపాటు. ఘాట్ దగ్గర ఒకచోట బోర్డు చూసి కూర్చుంటే తియ్యటి సాంబారు వచ్చింది, బిల్లులో ధర గోడ మీద ధరకి కుదరలేదు. అప్పటినుంచి కూర్చునే ముందే పక్క బల్ల మీద ప్లేట్లు చూసి, ధర అడిగి కూర్చుంటున్నాను.

ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లు మీ గదికి పనిచేస్తాయో లేదో 221001 పిన్ కొట్టి ముందే చూసుకోండి. పనిచేసినా కుర్రాడు సందు మొదట్లో ఆగి ఫోన్ చేస్తాడు, మీరే వెళ్లి తెచ్చుకోవాలి. అర్ధరాత్రి మందులకి, పాలకి అవి ఉపయోగమే, రోజూ భోజనానికి మాత్రం వద్దు.

గయ, ప్రయాగ వెళ్లే రోజులు

ప్రయాగ దగ్గర దగ్గర 120 కిలోమీటర్లు, గయ 250. డిసెంబర్ పొగమంచులో కారైనా రైలైనా చెప్పిన వేళకి చేరదు. ఆ రెండు రోజులకీ పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో, ఫ్లాస్కులో వేడినీళ్లు తప్పనిసరి. గయలో శ్రాద్ధం పెట్టే రోజు పెద్దవాళ్లు ఎప్పటిదాకా ఏమీ తినకూడదో పురోహితుడిగారిని ముందురోజే అడిగి, నాన్నగారి షుగర్ సంగతి ఆయనకి చెప్పండి. పాలో పండో తీసుకోవచ్చని చాలామంది ఒప్పుకుంటారు. ఇష్టమైన కూర, పండు, ఆకు వదిలేసే ఆచారం పాటిస్తుంటే నాన్నగారికి డాక్టరు తినమన్న కాకరకాయో, జామకాయో వదలకుండా చూడండి. మా బంధువుల్లో ఒకాయన జామకాయ వదిలేసి, తర్వాత తినగలిగిన పండే లేక ఇబ్బంది పడ్డారు.

తిరుగు ప్రయాణానికి ముందురోజు రాత్రి మిగిలిన బియ్యం, పప్పు, నూనె లెక్క చూసి, రైలు తిండికి కావలసింది వండుకుని, మిగతావి మీరు భోంచేసిన ఆశ్రమం వంటశాలలో ఇచ్చేయండి, విప్పని ప్యాకెట్లు సంతోషంగా తీసుకుంటారు. చలికి పులిహోర రెండో రోజుకి కూడా పాడవదు, కానీ రైలు ఆలస్యాన్ని లెక్కలో పెట్టుకుని ఒక పూటకి ఎక్కువే కట్టుకోండి. నాన్నగారి మాత్రలు, బిస్కెట్లు, నీళ్లు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి, సీటు కింద సామాన్లలో కాదు.